గాయమే గురువు: శస్త్రవైద్యుడు అంబ్రాయిజ్ పారే జీవితము

రహదారిపై ప్రమాదము జరిగి, రక్తము కారుచున్న మనుష్యుని ఆసుపత్రికి తెచ్చినప్పుడు అత్యవసర విభాగములోని శస్త్రవైద్యులు కొన్ని ప్రశ్నలు వేసికొందురు. దెబ్బ ఎట్లు తగిలినది? లోపల ఏమి చెడినది? రక్తము ఎచ్చటినుండి పోవుచున్నది, దానిని ఎట్లు ఆపవలెను? ఈ ప్రశ్నలకు జవాబులను పాత గ్రంథములలో గాక గాయపడిన మనుష్యునియందే వెదకిన వారిలో అగ్రగణ్యుడు 16వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు అంబ్రాయిజ్ పారే. మన సంఘములలో నర్సులుగా, వైద్యులుగా పనిచేయువారు కలరు. ఆసుపత్రి వరండాలో కూర్చుండి కన్నీటితో ఎదురుచూచినవారు అంతకంటె ఎక్కువమంది కలరు. వీరందరి నిమిత్తము ఆయన జీవితమును క్లుప్తముగా ఇచ్చట వ్రాయుచున్నాము.

పారే గారు 1510 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు వాయవ్య భాగములోని లవాల్ పట్టణమునకు చేరువనున్న ఒక గ్రామమున సామాన్య కుటుంబములో జన్మించిరి. లాటిను భాషలో పాండిత్యము ఆయనకు అబ్బలేదు. ఆ కాలమున లాటిను రానివానికి వైద్య విద్యాలయపు తలుపులు తెరువబడెడివి కావు. అచ్చట చదివిన వైద్యులు గ్రంథములు చూచి మందు చెప్పెడివారు గాని, కత్తి పట్టుట తమ గౌరవమునకు తక్కువని తలచెడివారు. కోయుట, కట్టు కట్టుట, పండ్లు పెరుకుట మొదలగు పనులు క్షౌరవృత్తివారికి విడువబడినవి. మన పల్లెలలో కూడ పూర్వము కురుపు కోయవలెనన్న మంగలివారినే పిలిచెడివారని పెద్దలు ఎరుగుదురు. పారే గారు అట్టివారి యొద్ద పని నేర్చి, పారిస్ నగరము చేరి, ఓతెల్ ద్యూ అను పెద్ద ఆసుపత్రిలో సుమారు మూడు సంవత్సరములు రోగుల మధ్య గడపిరి. ఆయనకు అదియే కళాశాల.

తరువాత ఆయన సైన్యముతో ఇటలీ వెళ్లిరి. 1536–37లో ట్యూరిన్ నగర ప్రాంతమున జరిగిన యుద్ధము ఆయన చూచిన మొదటి యుద్ధము. అప్పటికి తుపాకి కొత్త ఆయుధము. తుపాకిమందు విషమని, గుండు తగిలిన గాయము విషపూరితమగునని, ఆ విషమును కాల్చివేయుటకు మరుగుచున్న నూనెను గాయములో పోయవలెనని పేరుగాంచిన వైద్యులు వ్రాసియుండిరి. పారే గారు కూడ మొదట అట్లే చేసిరి. క్షతగాత్రులు అనేకులగుటచే నూనె అయిపోయినది. గత్యంతరము లేక ఆయన గ్రుడ్డులోని పచ్చసొన, గులాబి నూనె, టర్పెంటైన్ కలిపి మిగిలినవారి గాయములకు పట్టించిరి.

ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. నూనె పోయనివారు విషమెక్కి తెల్లవారునప్పటికి చనిపోయియుందురని భయపడిరి. తెల్లవారక మునుపే లేచి వెళ్లి చూడగా, ఆయన కన్నులను ఆయనే నమ్మలేకపోయిరి. చల్లని మందు పట్టించినవారికి నొప్పి స్వల్పము, వాపు లేదు, రాత్రి కొంత నిద్రయు పట్టినది. మరుగు నూనె పోయబడినవారు జ్వరముతో, వాపుతో, భరింపరాని బాధతో ఉండిరి. ఇకమీదట ఎన్నడును క్షతగాత్రులను ఇంత క్రూరముగా కాల్చకూడదని ఆయన ఆనాడే నిశ్చయించుకొనిరి. నూనె అయిపోవుట యాదృచ్ఛికము. కాని రెండు విధములుగా చికిత్స పొందినవారిని పక్కపక్కన పెట్టి పోల్చి చూచుట, చూచినదానిని నమ్మి తన పద్ధతిని మార్చుకొనుట ఆయన గొప్పతనము.

ఆ దండయాత్రలోనే మరియొక సంగతి జరిగినది. ఒక వంటవాడు కాగుచున్న నూనెలో పడి కాలెను. ఉల్లిపాయలు ఉప్పుతో నూరి పెట్టుమని ఒక పల్లెటూరి వృద్ధురాలు చెప్పగా, పారే గారు ఆమె మాటను తృణీకరింపలేదు. కాలిన చోట కొంత భాగమునకు ఉల్లి, మిగిలిన భాగమునకు వాడుక మందు పెట్టి, రెంటిని పోల్చి చూచిరి. ఉల్లి పెట్టిన చోట బొబ్బలు లేవలేదు. (మన ఇండ్లలో ఎవరైనను కాలినయెడల ఉల్లి పెట్టవద్దు, శుభ్రమైన చల్లని నీటిధార క్రింద పట్టి, ఆసుపత్రికి తీసికొని పోవలెను. నేటి వైద్యము చెప్పునది ఇదియే.) ఇచ్చట మనము గమనింపదగినది ఆ మందును కాదు. ముసలమ్మ మాటయైనను, మహాపండితుని మాటయైనను ఆయన ఒకే త్రాసులో తూచుటయే.

గాయమును గుర్తించుటలోను ఆయన సూక్ష్మబుద్ధి అట్టిదే. 1542లో పెర్పిన్యాన్ ముట్టడి యందు బ్రిసాక్ అను సేనాపతికి భుజమున గుండు తగిలెను. వైద్యులు ఎంత వెదకినను అది దొరకలేదు. గుండు తగిలిన క్షణమున మీరు ఏ రీతిగా నిలిచియుంటిరో ఇప్పుడును అట్లే నిలువుడని పారే గారు ఆయనను కోరిరి. నిలుచున్నప్పుడు ఒక తీరుననుండు కండరములు పరుండినప్పుడు మరియొక తీరునకు జరిగి, గుండు పోయిన దారిని మూసివేయును. సేనాపతి అట్లు నిలువగనే గుండు ఉన్న చోటు తెలిసినది, దానిని బయటికి తీయగలిగిరి. దెబ్బ ఎట్లు తగిలినదో ముందు తెలిసికొనవలెనని నేటి వైద్య విద్యార్థులకు నేర్పుచున్న పాఠము ఇదియే గదా!

1545లో ఆయన తుపాకి గాయముల చికిత్సపై ఒక గ్రంథము ప్రకటించిరి. దానిని లాటినులో గాక, తనవంటి సామాన్య శస్త్రవైద్యులు చదువుకొనగల ఫ్రెంచి భాషలో వ్రాసిరి. 1552లో దాన్విలియే ముట్టడి యందు ఫిరంగి గుండుచే కాలు నుజ్జయిన యొకనికి కాలు తీసివేయవలసి వచ్చెను. అదివరకు అట్టి సమయమున ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టి రక్తమును ఆపెడివారు. ఆ బాధకే అనేకులు ప్రాణములు విడిచెడివారు. పారే గారు తెగిన రక్తనాళములను పట్టుకారుతో బయటికి లాగి, ఒక్కొక్కదానిని దారముతో ముడివేసిరి. ఆ మనుష్యుడు బ్రతికెను. నాళమును ముడివేయుట పూర్వ వైద్యులకు తెలిసినదే. ఆ మాట పారే గారే ఒప్పుకొనిరి. అవయవమును తొలగించునప్పుడు దానిని ఆచరణలో పెట్టి, 1564లో గ్రంథముద్వారా అందరికి నేర్పిన కీర్తి మాత్రము ఆయనది. అవయవములు కోల్పోయినవారి నిమిత్తము కీళ్లతో కదలెడు కృత్రిమ కాళ్లు చేతుల చిత్రములను సైతము ఆయన ప్రకటించిరి.

ఆయన కూడ ఓడిన ఘట్టములు కలవు. 1559 జూన్ 30న వినోద యుద్ధములో రెండవ హెన్రీ రాజు కంటి యొద్ద బల్లెపు ముక్క గ్రుచ్చుకొనెను. పారే గారును, బ్రస్సెల్సు నుండి వచ్చిన ప్రఖ్యాత శరీర శాస్త్రజ్ఞుడు వెసాలియస్‌ను ఉండియు రాజును బ్రతికింపలేకపోయిరి. జూలై 10న ఆయన మరణించెను. శవమును పరీక్షింపగా పుఱ్ఱె పగులలేదు గాని, దెబ్బ తగిలిన ప్రక్కకు ఎదుటి ప్రక్కన, మెదడు వెనుక భాగమున రక్తము చేరియుండెను. తలకు ఒక ప్రక్క దెబ్బ తగిలినయెడల అవతలి ప్రక్క కూడ అపాయము కలుగవచ్చునని ఆయన గ్రహించి, 1561లో తల గాయములపై వ్రాసిన గ్రంథములో ఆ సంగతిని చేర్చిరి. రాజుగారి మరణము తన పరువునకు లోటైనను ఆయన దానిని మరుగుపరచలేదు.

ఆ 1561లోనే గుఱ్ఱపు తన్నుచే పారే గారి కాలి ఎముకలు రెండును విరిగి చర్మము చీల్చుకొని బయటికి వచ్చినవి. ఆ రోజులలో అట్టి కాలును తీసివేయుటయే వాడుక. తనను స్నేహితునివలె గాక పరాయివానివలె ఎంచి, సందేహింపక ఎముకలు సరిచేయుమని తోటి వైద్యునికి చెప్పి, ఆ బాధ నంతటిని ఆయన సహించిరి. జ్వరమును, చీమును దాటి, తన కాలిపైననే తిరిగి నడచిరి.

అది ఫ్రాన్సులో క్రైస్తవులు క్రైస్తవులనే చంపుకొనిన కాలము. 1572 ఆగస్టు 22న ప్రొటెస్టంటుల నాయకుడు కొలిన్యీపై తుపాకి కాల్చిరి. ఆయన చేతి వ్రేలును తీసివేసి, మోచేతిలోని గుండును వెలికి తీసినది పారే గారే. రెండు దినముల తరువాత హంతకులు అదే రోగిని ఆయన ఇంటిలోనే చంపిరి. పారిస్ వీధులు రక్తమయమాయెను. పారే గారు రహస్యముగా ప్రొటెస్టంటు అని కొందరును, సంఘపు రికార్డులనుబట్టి కతోలికుడని కొందరును వాదింతురు. ఉభయ పక్షములవారి గాయములకును ఆయన చేతులు కట్టు కట్టినవనుట మాత్రము నిర్వివాదము.

1575లో ఆయన తన గ్రంథములన్నిటిని ఒకే సంపుటముగా ప్రకటింపగా పారిస్ వైద్య విద్యాపీఠమువారు అడ్డుపడిరి. లాటిను రాని క్షౌరవైద్యుడు జ్వరములనుగూర్చి కూడ వ్రాయుటయా అని వారి కోపము. గూర్మెలాన్ అను పండితుడు నాళములను ముడివేయు పద్ధతిని ఖండించి, వాతలే మేలని వాదించెను. 1585లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, పారే గారు తాను వెళ్లిన యుద్ధములను, చూచిన రోగులను వరుసగా పేర్కొని ఆయనకు బదులు వ్రాసిరి. నలుగురు రాజులకు శస్త్రవైద్యుడుగా పనిచేసి, 1590 డిసెంబరు 20న పారిస్‌లో కన్నుమూసిరి.

ఆయన పద్ధతి వెంటనే లోకమంతట వ్యాపింపలేదు. ముడివేయువరకు రక్తమును అదుపులోనుంచు మర పట్టీని పెటీ అను ఫ్రెంచి వైద్యుడు 1718లో కనిపెట్టవలసి వచ్చెను. ఈథరు మత్తు 1846లోను, గాయములో క్రిములను చంపు లిస్టర్ గారి పద్ధతి 1867లోను వచ్చినవి. పారే గారు వాడిన దారముతోపాటు క్రిములు కూడ గాయములోనికి పోయియుండును. ఆ సంగతి ఆయన కాలమున ఎవరును ఎరుగరు. అయినను నేడు మన జిల్లా ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు తెగిన నాళమును పట్టి ముడివేయునప్పుడు, ఆ చేతిపని వెనుక దాన్విలియే గుడారములోని పాఠము ఉన్నది.

రోగి కోలుకొనినప్పుడు ఆ ఘనతను దేవునికి ఆరోపించుట పారే గారి వాడుక. అట్లు చెప్పి ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; తాను కట్టిన కట్టును తానే విప్పి చూచి, తప్పు కనబడిన చోట దిద్దుకొనిరి. గ్రంథమందలి మాటకును ఎదుటనున్న మనుష్యుని బాధకును పొత్తు కుదరనప్పుడు, ఆయన ఆ మనుష్యుని యొద్దకు మరల వెళ్లి చూచిరి. సేవ అనుదానిని మనము ఆసుపత్రిలో చేసినను, బడిలో చేసినను, సంఘములో చేసినను, మన చేతి పనివలన ఎదుటివానికి మేలు కలిగినదా, బాధ కలిగినదా అని తెల్లవారక మునుపే లేచి వెళ్లి చూచు మనస్సు మనకును కావలెను.