భారత ఫుట్‌బాలుకు బంగారు పతకాలు తెచ్చిన బడిపంతులు రహీం

పల్లె నుంచి పట్నం పోయినవారిలో నాంపల్లి స్టేషను చూడనివారు అరుదు. రైలు దిగి స్టేషను రోడ్డు పట్టుకొని నడిస్తే అబిడ్స్ వస్తుంది. పెళ్ళి బట్టలకైనా, పిల్లల పుస్తకాలకైనా జనం అటే పోతారు. జనవరి వచ్చిందంటే నాంపల్లి నుమాయిష్‌కు జిల్లాల నుంచి బస్సులకు బస్సులే కదులుతాయి. అబిడ్స్ దాటి, గన్‌ఫౌండ్రీ మీదుగా బషీర్‌బాగ్ వైపు మరికొంత దూరం పోతే నిజాం కాలేజీ పక్కన ఎత్తైన దీపస్తంభాలు కనిపిస్తాయి. అదే లాల్ బహదూర్ స్టేడియం. 1967లో ఆ పేరు పెట్టారు. అంతకుముందు దాని పేరు ఫతే మైదాన్, అంటే విజయ మైదానం. 1687లో గోల్కొండ కోటను ముట్టడించినప్పుడు ఔరంగజేబు సేనలు అక్కడ విడిది చేశాయనీ, కోటను గెలిచాక ఆ పేరు వచ్చిందనీ చెబుతారు.

ఆ దారిన పోయే వేలాది మందికి తెలియని సంగతి ఒకటుంది. ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాలు జట్టు ఇప్పటికి రెండే రెండుసార్లు బంగారు పతకం గెలిచింది. ఒకటి 1951లో, రెండవది 1962లో. ఆ రెండుసార్లూ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరూ ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. విశ్వవిద్యాలయం జట్టు తరఫున ఫుట్‌బాలు ఆడి మంచి పేరు తెచ్చుకున్నారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బళ్ళలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పుచ్చుకొని పిల్లల చేత ఆటలాడించే బాధ్యత స్వీకరించారు. సాయంకాలం వేళ తాను కూడా స్థానిక క్లబ్బు జట్టులో ఆడేవారు.

హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి ఆయన 1940లలో కార్యదర్శి అయ్యారు. అప్పటికి దేశంలో ఫుట్‌బాలు అంటే కలకత్తాయే. పేరున్న క్లబ్బులూ అక్కడే, డబ్బూ అక్కడే, పత్రికలలో ఫొటోలూ అక్కడి ఆటగాళ్ళవే. హైదరాబాదు కుర్రవాళ్ళకు కాళ్ళల్లో సత్తా ఉన్నా దారి చూపే పెద్దదిక్కు లేదు. ఆ లోటు తీర్చడానికి రహీం పూనుకున్నారు.

ఎడమ కాలికీ పని చెప్పాడు

బడిపంతులు కదా, రహీం ఆటను కూడా పాఠం చెప్పినట్లే చెప్పేవారు. సాధారణంగా కుడి కాలి వాటం ఉన్నవాడు ఎప్పుడూ కుడి కాలితోనే బంతిని తంతాడు. ఎదుటివాడు ఆ సంగతి కనిపెట్టి ఆ పక్క కాపు కాస్తే ఇక వాడి ఆట సాగదు. దీనికి రహీం కొత్త ఉపాయం పన్నారు. వాటం లేని కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టారు. మొదట్లో ఆటగాళ్ళు తడబడ్డారు, బంతి ఒకవైపు తంతే మరోవైపు పోయింది. రోజులు గడిచేకొద్దీ రెండు కాళ్ళూ సమానంగా పనిచేయడం నేర్చాయి.

బంతిని కాళ్ళ మధ్య పెట్టుకొని ఒక్కడే పరుగెత్తకూడదన్న నియమంతో మరో రకం పోటీ పెట్టేవారు. బంతి వచ్చిన వెంటనే దాన్ని తోటివాడికి అందించాలి. ఒక్కడు ఎంత పరుగెత్తినా బంతి అంతకంటే వేగంగా పోతుందని ఆయన చెప్పే పాఠం. కబడ్డీలో కూతకు పోయినవాడు ఒక్కడే అయినా, పట్టు పట్టడానికి జట్టంతా కలిసి రావాలి. ఫుట్‌బాలు కూడా అంతేనని రహీం నేర్పారు.

ఎవరెక్కడ నిలబడాలన్న దానిలో కూడా ఆయన మార్పులు తెచ్చారు. ముందు వరుస మధ్యలో ఆడే సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనక్కు జరిపి ఆడించారు. ఆ ఆటగాణ్ణి కాపు కాసే ఎదుటి జట్టువాడు తన చోటు వదిలి ముందుకు వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి పక్కవాళ్ళు చొరబడతారు. యూరపులో హంగరీ జట్టు 1950లలో ఇటువంటి ఆటతోనే ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది.

పోలీసు జట్టు ప్రభంజనం

రహీం తీర్చిదిద్దిన జట్లలో మొదట చెప్పుకోవలసింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును 1950లో గెలిచింది. ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించడంతో హైదరాబాదు పేరు దేశమంతా మారుమోగింది. తర్వాత 1954, 1957లలోనూ, ఆంధ్రా పోలీసు పేరుతో 1961లోనూ అదే కప్పు ఇంటికి తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956లోనూ, 1957లోనూ వరుసగా హైదరాబాదు గెలిచింది.

ఈ గెలుపుల వెనుక పేద కుర్రవాళ్ళ కథలు ఎన్నో ఉన్నాయి. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పిల్లవాడు ఉండేవాడు. కుటుంబం పేదది. బంతి మీద మాత్రం ప్రాణం. రహీం కంట ఆ పిల్లవాడు పడ్డాడు. రోజూ శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరానికి రావాలంటే చేతిలో డబ్బు లేదు. సంగతి తెలిసి అద్దె సైకిలుకు రహీమే డబ్బు ఇచ్చి రప్పించారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ అద్దె సైకిలు ఊరకే పోలేదు. బలరాం 1956, 1960 ఒలింపిక్సు జట్లలోనూ, 1962 ఆసియా క్రీడల జట్టులోనూ ఆడారు. అర్జున అవార్డు పొందారు. 2023లో మరణించేదాకా దేశంలోని మేటి ఆటగాళ్ళలో ఒకరుగా ఆయనను తలచుకుంటూనే ఉన్నారు.

గెలుపు, ఓటమి, గుణపాఠం

1950లో రహీంకు దేశ జట్టు బాధ్యత అప్పగించారు. మరుసటి ఏడు మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. పదకొండు దేశాలు వచ్చాయి. ఫుట్‌బాలులో మనవాళ్ళు ఇండోనేషియాను, అఫ్ఘానిస్తాన్‌ను చెరి మూడు గోళ్ళతో ఓడించారు. ఫైనలులో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఇరాన్‌ను గెలిచారు. స్వతంత్రం వచ్చి నాలుగేళ్ళు నిండని దేశానికి అది పెద్ద పండుగే అయింది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలువలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 గోళ్ళ తేడాతో ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ చలి దేశంలో, బూట్లు తొడుక్కున్న బలమైన ఆటగాళ్ళ ముందు వట్టి కాళ్ళు ఏపాటి నిలుస్తాయి? అంతటి పరాభవం జరిగినా రహీం తల దించుకొని కూర్చోలేదు. దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. తన ఆటగాళ్ళను ఆయన కొత్త పద్ధతులకు అలవాటు చేశారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సు. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే మనవాళ్ళు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనలులో మళ్ళీ ఆ యుగోస్లావియాయే ఎదురైంది. మొదటి గోలు మనవాళ్ళే కొట్టినా చివరకు 4-1తో ఓడారు. మూడవ స్థానం పోటీలో బల్గేరియా గెలిచింది. మనకు నాలుగవ స్థానం దక్కింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు వాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో భారతదేశం ఆ స్థానానికి మళ్ళీ ఎన్నడూ చేరలేదు.

1960లో రోము ఒలింపిక్సులో ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచారు. హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడారు. పెద్ద దేశాలతో కూడా తేడా ఒకటి రెండు గోళ్ళకు తగ్గింది. ఎనిమిదేళ్ళ కింద హెల్సింకిలో పది గోళ్ళు తిన్న జట్టేనా ఇది అనిపించింది.

జకార్తాలో చివరి పోరు

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తులను కాన్సరు తినేస్తున్నది. అయినా జట్టును విడిచి ఇంట్లో పడుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. జట్టు వెంట కదిలారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనవాళ్ళను ఓడించింది. తర్వాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచి ఊపిరి పీల్చుకున్నారు. ఈ మధ్యలో రక్షణ వరుసలో కొండలా నిలిచే జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ స్థితిలో వెనుక వరుసలో నిలబెట్టడం కష్టమని రహీం గ్రహించారు. అలాగని ఆ ధైర్యశాలిని బయట కూర్చోబెట్టడానికీ మనసు ఒప్పలేదు. జర్నయిల్‌ను ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా దింపారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించినప్పుడు కెప్టెన్ చునీ గోస్వామితో పాటు జర్నయిల్ కూడా గోలు కొట్టాడు. ఎత్తు పారింది.

బయటి పరిస్థితి మాత్రం బాగాలేదు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వలేదు. అది తగదని ఆసియా క్రీడల సమాఖ్య పెద్దలలో ఒకరైన మన దేశపు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో జకార్తా జనం భారతదేశం మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీదికి గుంపులు వెళ్ళాయి. ఆ కోపమంతా వచ్చి మైదానంలో ఉన్న పదకొండుమంది కుర్రవాళ్ళ మీద పడింది.

సెప్టెంబరు 4న ఫైనలు. ప్రత్యర్థి మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా. లక్షమంది దాకా జనం. మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు, ఒకటే గోల, ఈలలు, తిట్లు. ఆ జనసముద్రంలో మనవాళ్ళ తరఫున కేకలు వేసింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని అప్పటి మన ఆటగాళ్ళు తర్వాత చెప్పుకొనేవారు. ఆటకు ముందు రహీం ఆటగాళ్ళను దగ్గరకు పిలిచి, తనకు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమేనని అడిగారట. తమ గురువు ఆరోగ్యం ఏ స్థితిలో ఉందో అందులో కొందరికే తెలుసు.

జ్వరంతో ఉన్న పీటర్ తంగరాజ్ గోల్‌కీపరుగా నిలబడ్డాడు. ఈయనా హైదరాబాదువాడే. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మరో మూడు నిమిషాలకే తలకు కట్టుతో ఉన్న జర్నయిల్ రెండవ గోలు కొట్టాడు. కొరియా చివరిలో ఒక గోలు తీర్చుకున్నా ఆట మన చేయి దాటలేదు. 2-1తో బంగారు పతకం మనదైంది. అంతసేపు గోల చేసిన జనం మధ్యనే మన జెండా పైకి లేచింది. ఆ క్రీడల్లోనే పరుగుల వీరుడు మిల్ఖా సింగ్ 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. కానీ జకార్తా పేరు చెబితే ఫుట్‌బాలు అభిమానులకు గుర్తుకు వచ్చేది ఆ రోజే.

గురువు పోయాడు, బంగారమూ పోయింది

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి ఈ గురువు పోయి 22 ఏళ్ళు.

ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం తండ్రి బాటలోనే నడిచారు. 1960 రోము ఒలింపిక్సు జట్టులో చోటు పొందారు. తర్వాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకొని 2021లో మరణించారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు కంచు పతకం గెలిచినప్పుడు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు ఏ పతకమూ రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్సుకు మన జట్టు వెళ్ళనే లేదు. క్రికెట్టు పెరిగింది. హైదరాబాదు గల్లీలలో బంతి తన్నే పిల్లలు తగ్గారు. రహీం పేరు కూడా మరుగున పడింది. 2024లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. దానిలో అజయ్ దేవగన్ రహీం పాత్ర ధరించారు. అలాంటి మనిషి మన పక్కనే ఉండేవాడని చాలామందికి ఆ సినిమా చూశాకే తెలిసింది.

రహీం వద్ద పెద్ద నిధులు లేవు, విదేశీ యంత్రాలు లేవు. ఒక మైదానం, ఒక బంతి, సైకిలు అద్దె కట్టలేని కుర్రవాళ్ళు ఉన్నారు. వాడని కాలికి కూడా పని నేర్పవచ్చునన్న నమ్మకం ఉంది. పల్లె బడిలో మైదానమూ ఉంది, పిల్లలూ ఉన్నారు. సాయంత్రం బడి వదిలాక వాళ్ళతో ఒక గంట నిలబడే పంతులు ఒక్కడు దొరికితే, అమ్ముగూడలో పుట్టిన బలరాం మరే ఊళ్ళోనైనా పుట్టవచ్చు. ఈసారి నాంపల్లిలో రైలు దిగి అబిడ్స్ మీదుగా పోయేవారు ఆ దీపస్తంభాలు కనిపించినప్పుడు పక్కనున్న పిల్లలకు ఈ బడిపంతులు కథ చెబితే బాగుంటుంది.