బాస్ గిటార్ పితామహుడు లియో ఫెండర్

పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా వాయిస్తున్నప్పుడు డ్రమ్ముల వెనుక గంభీరంగా మ్రోగే నాలుగు తీగల ఎలక్ట్రిక్ బాస్ గిటార్ మన పల్లెలకూ కొత్త కాదు. ఆ వాద్యాన్ని లోకమంతటా నిలబెట్టిన లియో ఫెండర్ రైతుబిడ్డ. విచిత్రమేమిటంటే, ఆయనకు గిటార్ వాయించడం రాదు.

1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో, నారింజ తోటలు సాగుచేసే కుటుంబంలో ఆయన జన్మించారు. బాల్యంలోనే ఒక కన్ను పోయి గాజు కన్ను అమర్చుకోవలసి వచ్చింది. చదివినది అకౌంట్లు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోగా, 1938లో 600 డాలర్లు అప్పుచేసి ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో మరమ్మతు దుకాణం తెరిచారు. వాద్యకారులు చెడిపోయిన యాంప్లిఫయర్లను అక్కడికే తెచ్చేవారు. ఏ వస్తువు ఎక్కడ చెడుతుందో మరమ్మతు చేసేవానికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఫెండర్ ఆలోచన అంతా అక్కడినుండే పుట్టింది.

అప్పటికి బాస్ అంటే మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే బరువైన వాద్యం. మోయడం కష్టం, బృందం హోరులో వినిపించదు, మెట్లు లేనందున స్వరం తప్పే అవకాశమూ ఎక్కువ. 1930లలోనే పాల్ టుట్‌మార్క్ అనే ఆయన సియాటిల్‌లో ఎలక్ట్రిక్ బాస్ చేసినా అది వ్యాప్తిలోకి రాలేదు. 1951లో ఫెండర్ తెచ్చిన బాస్‌ను గిటార్‌లాగే మెడకు తగిలించుకోవచ్చు. వీణకున్నట్లు మెట్లుండడం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి ప్రెసిషన్ బాస్ అని పేరు పెట్టారు. 1960లో జాజ్ బాస్ వచ్చింది.

వాద్యపు మెడను ఆయన బాడీకి జిగురుతో అతికించలేదు, నాలుగు మరలతో బిగించారు. మెడ పాడైతే విప్పి కొత్తది వేసుకోవచ్చునన్నది ఉద్దేశం. ఈనాడు పాత ఫెండర్ బాస్‌లను ఇంటర్నెట్‌లో కొనేవారికి పెద్ద చిక్కు ఆ నాలుగు మరలతోనే. 1963 నాటి మెడను 1972 నాటి బాడీకి బిగించి, రంగు వేసి, మొత్తం 1963 నాటిదేనని అమ్మడం కష్టమేమీ కాదు.

సీరియల్ నంబరు చూసి నమ్మరాదు. ఆ పలకలను ఫ్యాక్టరీలో డబ్బాలోంచి చేతికందినట్లు తీసి బిగించేవారు. పైగా అవీ మరలతోనే ఊడివస్తాయి. మెడను విప్పితే, బాడీలో ఇమిడే చివరన పెన్సిలుతో వేసిన తేదీ, 1962 నుండి ముద్ర, తరచు కనిపిస్తుంది. లోపలి పొటెన్షియోమీటర్లపై అంకెలుంటాయి: 3046215 అంటే 304 తయారీ సంస్థ స్టాక్‌పోల్, 62 సంవత్సరం, 15 ఆ యేటి వారం. వాద్యం ఆ తేదీకన్నా పాతది కాజాలదు. కొత్తది మాత్రం కావచ్చు. 1966లో తెచ్చిన నిల్వను ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి వాడారు. టంకం చెదరలేదా, పాత రంగే ఉందా అన్నవి తరువాతి ప్రశ్నలు. తిరిగి రంగు వేసినదాని విలువ సుమారు సగానికి పడిపోతుందని వ్యాపారుల లెక్క. మెడ విప్పి ఫొటో పంపడానికి ఇష్టపడని విక్రేతకు డబ్బు పంపకపోవడమే మేలు.

ఆరోగ్యం క్షీణించి, 1965 జనవరిలో ఫెండర్ తన కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకు సీబీఎస్ సంస్థకు అమ్మివేశారు. మార్కెట్ గీసుకున్న గీత కూడా అదే: అంతకు ముందువాటికి ఒక ధర, తరువాతివాటికి మరొకటి. ఏ భాగమూ మారని పాత ప్రెసిషన్ బాస్ నేడు పది వేల డాలర్లు దాటుతుంది. గీతకు ఇవతల చేసినవన్నీ నాసివి కావు. ఈ ధరలో చెవికన్నా పేరుకే పెద్దపీట అని మా అభిప్రాయం.

ఆరోగ్యం కుదుటపడ్డాక ఫెండర్ మళ్లీ పనిలో దిగారు. మ్యూజిక్ మ్యాన్ సంస్థలో 1976లో స్టింగ్‌రే బాస్‌ను వెలువరించి, ఆ తరువాత పాత సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో జీ అండ్ ఎల్ సంస్థను నెలకొల్పారు. పార్కిన్సన్ వ్యాధి బాధిస్తున్నా పని మానలేదు. 1991 మార్చి 21న మరణించారు. తాను చేసినవాటిలో జీ అండ్ ఎల్ వాద్యాలే ఉత్తమమని ఆయన భావించారు. మార్కెట్‌లో మాత్రం వాటి ధర, 1950లలో చేసినవాటి ధరలో చిన్న భాగమే.