రాబర్టు సూయెల్ దొర: కైసరుల నాణెములు

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలులో కూడికలకు వెళ్లునప్పుడెల్ల, భట్టిప్రోలు స్టేషను రాగానే మేము కిటికీవైపుకు జరిగి కూర్చుందుము. ఆ ఊరి దిబ్బలో బౌద్ధుల మహాస్తూపమున్నది. ఊరివారు దానికి పెట్టిన పాత పేరు ఈ పత్రికలో వ్రాయదగినది కాదు. స్తూపపు ఇటుకలు రోడ్డు వేయుటకు పోయినవి. పాలరాళ్లు వెల్లటూరు దగ్గర కాలువ తూము కట్టుటకు పోయినవి. 1892లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి మిగిలినదానిని త్రవ్వించి, వ్రాతలు చెక్కిన రాతి భరిణెలను బయటికి తీసెను. అయితే అంతకు పదేండ్ల ముందే ఈ దిబ్బ సంగతిని తన గ్రంథములో చేర్చిన వేరొక దొర యుండెను. ఆయనయే రాబర్టు సూయెల్. విజయనగర చరిత్ర చదివినవారు ఆయన పేరు వినియుందురు. ఈ నెల ఆయన జీవితమును చదువరుల యెదుట ఉంచుచున్నాము.

సూయెల్ 1845లో పుట్టెను. మద్రాసు సివిలు సర్వీసులో ఉద్యోగి. జీతము వచ్చునది పరిపాలనకు. పాత రాళ్లను, నాణెములను వెదకుట ఆయన సొంత ఆసక్తి. ఆ కాలమున రేపల్లె, బాపట్ల తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండెను. గుంటూరు జిల్లా 1904లో గాని ఏర్పడలేదు. దక్షిణదేశమున కరవు పట్టియున్న 1877లో ఆయన అమరావతి స్తూపపు దిబ్బలో కొంతభాగము త్రవ్వించి, తాను చూచినదానిని నివేదికగా వ్రాసెను. పిమ్మట మద్రాసు రాజధానిలోని పురాతన కట్టడములను, శాసనములను జిల్లా జిల్లాకు, ఊరూరికి పట్టికలుగా కూర్చెను. తాలూకా ఉద్యోగులు పంపిన సమాచారమును జతపరచి చేసిన ఆ పని 1882లోను 1884లోను రెండు సంపుటములుగా అచ్చయ్యెను. పట్టికలు వ్రాయుటలో పేరు రాదు, విసుగు మాత్రము వచ్చును. సంఘపు రిజిష్టర్లు వ్రాయు మాబోటివారికి ఆ సంగతి తెలియును.

ఆయన పొరబడిన చోట్లు కూడ చెప్పవలెను. ఏడవ శతాబ్దమున చీనా దేశమునుండి వచ్చిన హ్యూన్‌త్సాంగ్ చూచిన ధాన్యకటకము బెజవాడయేనని 1880లో ఆయన వాదించెను. తరువాతి పండితులు అది అమరావతి ప్రక్కనున్న ధరణికోటయని తేల్చిరి. 1886లో బౌద్ధుల త్రిశూలము మొదలగు చిహ్నములు పడమటి దేశములనుండి వచ్చినవని ఒక వ్యాసములో వ్రాసెను. ఒక ఆకారము మరియొక ఆకారమువలె ఉన్నంత మాత్రమున, ఇది దానినుండి పుట్టెనని చెప్పలేము గదా.

ఇట్టి పొరపాటు మాకును క్రొత్త కాదు. సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్లు మన దక్షిణదేశపువేయని చెప్పి ఎన్నో మారులు సండే స్కూలులో పిల్లలను సంతోషపెట్టితిమి. నెమలికున్న హెబ్రీ మాట తమిళ మాటను పోలియున్నదని కొందరు పండితులు చెప్పుదురు. పోలిక ఉన్నది, ఋజువు లేదు.

సూయెల్ గట్టి నేలమీద నిలిచినది 1904లో. అప్పటికి ఉద్యోగము విడిచి ఇంగ్లండులో ఉండెను. మన దేశమున దొరికిన రోమా నాణెములన్నిటిని ఆ యేడు ఒక వ్యాసములో పట్టికగా కూర్చెను: ఏ ఊరిలో, ఏ కైసరువి, ఏ లోహము, ఎన్ని. వినుకొండలో 1889లో దొరికిన 15 బంగారు నాణెములు అందులో ఉన్నవి. అవి తిబెరి కైసరు మొదలుకొని, 217లో చనిపోయిన కరకల్లా వరకు ఏలినవారివి. మన ప్రభువు పన్ను నాణెము చూపుమని అడిగిన దినములలో ఏలినవాడు ఈ తిబెరియే (లూకా 3, 20 అధ్యాయములు). ఆ దేనారము వెండిది, వినుకొండవి బంగారువి. రెండును ఒకటేయని బోధించరాదు. అయినను ఆ కైసరు పేరిట కొట్టిన డబ్బు మన గుట్టల దాపునకు వచ్చి చేరినదనుటలో సందేహము లేదు.

లెక్క చూచినప్పుడు ఆయనకు ఒక క్రమము కనబడెను. ఔగుస్తు నుండి, 68లో చనిపోయిన నీరో వరకు గల నాణెములు దక్షిణమున విస్తారముగా దొరికినవి. అది మిరియములకు, రత్నములకు, సన్నబట్టలకు రోమా ధనవంతులు డబ్బు గ్రుమ్మరించిన కాలము. ఏటేట ఐదు కోట్ల సెస్టెర్సులు హిందూదేశమునకు పోవుచున్నవని ప్లినీ అను రోమా గ్రంథకర్త వాపోయెను. నీరో తరువాత నాణెములు తగ్గెను. దొరికినవి ఎక్కువగా ప్రత్తి పండు నేలలలో దొరికెను. గనుక విలాసవస్తువుల వర్తకము సన్నగిల్లి ప్రత్తి వర్తకము నిలిచినదని సూయెల్ తలంచెను. నాణెములు తగ్గినంత మాత్రమున వర్తకము తగ్గెనని చెప్పరాదని తరువాతి వారు ఆక్షేపించిరి. ఆ వాదము అటుండగా పట్టిక మాత్రము చెడలేదు. ఆక్షేపించినవారును దానినే చేతపట్టుకొని ఆక్షేపించిరి. 1945లో వీలర్ దొర పుదుచ్చేరి దగ్గర అరికమేడులో త్రవ్వించినప్పుడు ఇటలీ దేశపు మట్టిపాత్రలే బయటపడెను.

ఆ పట్టికలో చేరకుండ పోయినవెన్నో! 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగటికి పాత గుడి గోడ తగిలి, దాని క్రింద రోమా బంగారు నాణెముల కుండ దొరికెను. భయపడి అతడు చాలావాటిని పాత బంగారము క్రింద అమ్మివేయగా అవి కరిగిపోయెను. మిగిలిన కొద్దివాటిమీద త్రాజాను, హద్రియాను కైసరుల ముఖములు కనబడెను.

సూయెల్ 1925లో మరణించెను. అప్పటికి ఆయన చేతిలో దక్షిణదేశ శాసనములను సంవత్సరముల వరుసన పేర్చిన మరియొక పెద్ద పట్టిక ఉండెను. దానిని కృష్ణస్వామి అయ్యంగారు సరిచూడగా 1932లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు అచ్చువేసిరి.