ఈమని శంకరశాస్త్రి

ఈమని శంకరశాస్త్రి (సెప్టెంబరు 23, 1922 - డిసెంబరు 23, 1987) సుప్రసిద్ధ వైణికుడు, స్వరకర్త, వాద్యబృంద నిర్వాహకుడు. వీణను గాత్రానికి దీటుగా పాడించే గాయక శైలికి ఈయన ప్రసిద్ధి చెందాడు. మరొక ప్రఖ్యాత వైణికుడైన చిట్టిబాబుకు ఈయన గురువు.

బాల్యము, విద్యాభ్యాసము

శంకరశాస్త్రి గోదావరి డెల్టాలోని ద్రాక్షారామంలో జన్మించాడు. పంచారామాలలో ఒకటైన భీమేశ్వరాలయం వల్ల ప్రసిద్ధి పొందిన గ్రామమిది. తండ్రి ఈమని అచ్యుతరామశాస్త్రి కూడా పేరెన్నిక గన్న వైణికుడే. ఆయనకు వైణిక భూషణ అనే బిరుదు ఉండేది. విజయనగరానికి చెందిన వీణ వేంకటరమణదాసు, పిఠాపురం ఆస్థాన విద్వాంసుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వంటి మహా వైణికులు తెలుగునాట వీణకు విశేష గౌరవం తెచ్చిపెట్టిన కాలంలో ఆయన ఆ విద్యను ఉపాసించాడు. శంకరశాస్త్రి తండ్రి వద్దనే వీణాభ్యాసం చేసి, కుటుంబ సంప్రదాయానికి వారసుడయ్యాడు.

చలనచిత్ర రంగము

మద్రాసులో ఎస్.ఎస్. వాసన్ నెలకొల్పిన జెమినీ స్టూడియో సంగీత విభాగంలో శంకరశాస్త్రి కొన్నాళ్ళు పనిచేశాడు. ఆ సంస్థ నిర్మించిన హిందీ చిత్రాలైన సంసార్ (1951), బహుత్ దిన్ హువే (1954) సంగీత దర్శకులలో ఈయన ఒకడు. అనేక వాద్యాలను ఒక్కచోట చేర్చి, ఏ వాద్యాన్ని ఏ స్థాయిలో పలికించాలో నిర్ణయించడం చిత్రసంగీతంలో నిత్యకృత్యం. తరువాతి కాలంలో చేపట్టిన వాద్యబృంద రచనలకు ఈ అనుభవం పునాది అయింది.

ఆకాశవాణి

చిత్రరంగం నుండి ఈయన ఆకాశవాణికి వచ్చాడు. మొదట మద్రాసు కేంద్రంలోను, ఆ తరువాత ఢిల్లీలోను పనిచేశాడు. ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి స్వరకర్తగా, నిర్వాహకుడిగా బాధ్యతలు వహించాడు. వాద్యవృంద అని పిలిచే ఈ బృందాన్ని తొలిరోజులలో పండిట్ రవిశంకర్ నడిపాడు. కర్ణాటక, హిందుస్తానీ వాద్యాలు రెండూ అందులో కలిసి మ్రోగేవి.

వీణపై తారస్థాయి

శంకరశాస్త్రి ప్రతిభను గ్రహించాలంటే వీణ నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. వీణకు మైనంలో బిగించిన 24 మెట్లు, వాయించే తంత్రులు 4, తాళానికి, శ్రుతికి ఉపయోగపడే తంత్రులు 3 ఉంటాయి. సారణి అనే మొదటి తంత్రిని మెట్టు తాకకుండా మీటితే మధ్యస్థాయి షడ్జం పలుకుతుంది. 12వ మెట్టు వద్ద తార షడ్జం, 24వ మెట్టు వద్ద అతితార షడ్జం వస్తాయి. అనుమంద్ర పంచమం నుండి లెక్కిస్తే వీణ పరిధి సుమారు మూడున్నర స్థాయిలు.

పైకి పోయినకొద్దీ కష్టం పెరుగుతుంది. 12వ మెట్టు వద్ద మ్రోగే తంత్రి పొడవు సగానికి, 24వ మెట్టు వద్ద నాలుగో వంతుకు తగ్గిపోతుంది. మెట్ల మధ్య ఎడం కూడా అదే విధంగా కుదించుకుపోయి, చివరి మెట్ల నడుమ మొదటి మెట్ల ఎడంలో దాదాపు నాలుగో వంతు మాత్రమే మిగులుతుంది. వేలు కాస్త తొలగినా, తంత్రిని కాస్త ఎక్కువ లాగినా అపస్వరం స్పష్టంగా వినిపిస్తుంది. వేణువు వంటి సుషిరవాద్యాలలో ఊపిరి వేగం పెంచితే పై స్థాయి పలుకుతుంది, ఊపిరి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది. వీణకు ఆ సౌకర్యం లేదు. మీటిన క్షణం నుండే నాదం తరగడం మొదలవుతుంది. తారస్థాయిలో పొట్టి తంత్రి నాదం మరింత త్వరగా అణగిపోతుంది. అందుచేత అక్కడ రాగాన్ని విస్తరించేటప్పుడు మాటిమాటికి మీటవలసి వచ్చి, సంగీతం తునకలు తునకలుగా వినిపించే ప్రమాదం ఉంది.

గాయక శైలి ఈ లోపాన్ని అధిగమించే మార్గం. ఇందులో మీటులు తక్కువ, ఎడమచేతి పని ఎక్కువ. ఒకసారి మీటిన తంత్రిని అదే మెట్టుపై పక్కకు లాగి, నాదం ఆరిపోకముందే పై స్వరాలను గమకయుక్తంగా పలికిస్తారు. గాయకుడు ఒకే ఊపిరిలో పాడే సంగతి ఆ విధంగా ఒకే మీటులో వినిపిస్తుంది. సితారు, వీణల జుగల్బందీలో ఉస్తాద్ అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో కలిసి వాయించినప్పుడు, ఉత్తరాది శ్రోతలకు కూడా ఈ శైలి పరిచయమైంది.

రచనలు

కృతులను వాయించడంతో తృప్తి చెందక, శంకరశాస్త్రి ఇతివృత్తం గల వాద్యరచనలు చేశాడు. వాటిలో ఆదర్శ శిఖరారోహణం ముఖ్యమైనది. 1953 మే 29న ఎడ్మండ్ హిల్లరీతో కలిసి ఎవరెస్టు శిఖరాన్ని తొలిసారిగా అధిరోహించిన టెన్సింగ్ నార్గే సాధించిన విజయం దీనికి ప్రేరణ. భ్రమర విన్యాసం ఈయన మరొక ప్రసిద్ధ రచన. సాహిత్యం లేకుండా కేవలం స్వరాలతోనే ఒక విషయాన్ని శ్రోతకు స్ఫురింపజేయడం ఇటువంటి రచనల లక్ష్యం.

శిష్యులు

కాకినాడలో జన్మించిన చిట్టిబాబు (1936 - 1996) ఈయన శిష్యులలో అగ్రగణ్యుడు. గురువు వద్ద నేర్చిన గాయక శైలిని తనదైన బాణీలో పెంపొందించి, వీణను సామాన్య శ్రోతల వద్దకు తీసుకువెళ్ళాడు. శంకరశాస్త్రి కుమార్తె ఈమని కల్యాణి కూడా వైణికురాలిగా ప్రసిద్ధి పొందింది.

గౌరవాలు

శంకరశాస్త్రికి 1973లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆస్థాన విద్వాంసుడిగా కూడా గౌరవం పొందాడు.

మరణము

శంకరశాస్త్రి 1987 డిసెంబరు 23న, తన 65వ ఏట మరణించాడు. వీణ సహజంగా మృదువైన వాద్యం. పెద్ద సభలలో, ఇతర వాద్యాల నడుమ దాని పై స్థాయి స్వరాలు వినబడకుండా పోయే అవకాశం ఎక్కువ. అటువంటి వాద్యాన్ని చిత్రసంగీతంలోను, ఆకాశవాణి వాద్యబృందంలోను, జుగల్బందీలలోను నిలబెట్టడమే గాక, ఆ విద్యను తరువాతి తరానికి అందించిన వైణికుడిగా శంకరశాస్త్రి స్మరణీయుడు.