ఓడల దగ్గర ఓడిన డేవీ

హంఫ్రీ డేవీ పేరు మన కెమిస్ట్రీ పుస్తకాల్లో రెండు మూడు చోట్ల తగులుతుంది. సోడియం, పొటాషియం విడదీసినాయన, గని కార్మికుల దీపం చేసినాయన. అక్కడితో పేజీ తిప్పేస్తాం. కానీ పాత కారు సస్పెన్షన్ విప్పి, తుప్పు గీకి, ఇప్పుడు దీనికి జింక్ ప్లేటింగా, పౌడర్ కోటింగా అని తల గోక్కునేవాళ్లు ఆయన జీవితంలో ఇంకో అధ్యాయం కూడా చదవాలి. ఆయన ఓడిపోయిన అధ్యాయం అది.

డేవీ 1778 డిసెంబర్ 17న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో, పెన్‌జాన్స్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చెక్క మీద నగిషీలు చెక్కేవాడు. 1794లో ఆయన పోయాడు, అప్పులు మిగిలాయి. ఐదుగురు పిల్లల్లో డేవీయే పెద్ద. మరుసటేడు ఊళ్లోని ఒక వైద్యుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. కాలేజీ మొహం చూసింది లేదు. కెమిస్ట్రీ అంతా పుస్తకాలు చదివి, చేతికి దొరికిన గిన్నెలతో ప్రయోగాలు చేసి సొంతంగా నేర్చుకున్నదే.

1798లో బ్రిస్టల్ వెళ్లి వాయువులతో వైద్యం చేసే సంస్థలో చేరాడు. నైట్రస్ ఆక్సైడ్‌ని తానే పీల్చి చూశాడు. ఆపరేషన్లలో నొప్పి తగ్గించడానికి అది పనికి రావచ్చని 1800లో రాశాడు. నలభై ఏళ్లకు పైగా ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కి వచ్చాక ఆయన ఉపన్యాసాలంటే జనం ఎగబడేవారు. 1807లో కరెంటు పంపి పొటాషియం, వెంటనే సోడియం విడదీశాడు. 1813లో మైఖేల్ ఫారడే అనే కుర్రాణ్ని సహాయకుడిగా పెట్టుకున్నాడు. 1815లో గని దీపం చేసి, దానికి పేటెంట్ తీసుకోలేదు. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. చెక్కపనివాడి కొడుక్కి ఇంకేం కావాలి?

1823లో నౌకాదళం ఒక సమస్య తెచ్చింది. అప్పట్లో యుద్ధనౌకలన్నీ చెక్కవి. పురుగు తొలచకుండా, నాచూ గవ్వలూ పట్టకుండా అడుగున రాగి రేకులు కొట్టేవారు. ఉప్పునీళ్లలో ఆ రాగి కరిగిపోతోంది. మళ్లీ మళ్లీ మార్చాలంటే తడిసి మోపెడు ఖర్చు.

డేవీ ఆలోచన ఎంత సింపులో చూడండి. ఉప్పునీళ్లలో రెండు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే, ఎక్కువ చురుకైనది కరుగుతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. కాబట్టి రాగికి జింక్ ముక్కో ఇనుప ముక్కో తగిలిస్తే చాలు. రాగి వైశాల్యంలో 40వ వంతు నుంచి 150వ వంతు దాకా ఉన్న చిన్న ముక్క కూడా రాగిని పూర్తిగా కాపాడుతుందని ప్రయోగాల్లో తేలింది. 1824లో ఈ ఫలితాలను రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. ఓడలకు ఇనుప దిమ్మలు బిగించారు. రాగి కరగడం తగ్గింది. లెక్క తప్పలేదు.

అయినా ఓడలు నెమ్మదించాయి. సముద్రంలో తిరిగొచ్చిన ఓడల అడుగున గవ్వలూ నాచూ గుత్తులుగా పట్టేశాయి. కారణం ఏంటంటే, రాగి కొద్దికొద్దిగా కరిగి విషంగా మారడం వల్లే అంతకాలం ఆ జీవులు దాని మీద నిలవలేకపోయాయి. కరగడమే రాగి చేసే పని. డేవీ ఆ పనినే ఆపేశాడు. నౌకాదళం దిమ్మలు పీకించేసింది. పత్రికలు ఎగతాళి చేశాయి. 1826లో పక్షవాతం వచ్చింది, 1827లో అధ్యక్ష పదవి వదిలేశాడు, 1829 మే 29న జెనీవాలో 50 ఏళ్లకే కన్నుమూశాడు.

ఆ సూత్రం మాత్రం బతికింది. 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ ఇనుముకి జింక్ పూత పూసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ రోజు నట్టుకి, బోల్టుకి, బ్రాకెట్‌కి మనం వేయించే జింక్ ప్లేటింగ్ పనిచేసేది డేవీ చెప్పిన పద్ధతిలోనే. గీత పడినా పక్కనున్న జింక్ కరిగి ఇనుముని కాపాడుతుంది.

డేవీ ఓటమిలోని పాఠం మాత్రం కాయిల్ స్ప్రింగ్ దగ్గర గుర్తొస్తుంది. అది బాగా గట్టి స్టీల్. యాసిడ్‌లో కడిగి, కరెంటుతో జింక్ ఎక్కిస్తే హైడ్రోజన్ లోపలికి దూరుతుంది. వెంటనే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చకపోతే, మెరిసే స్ప్రింగ్ ఒకరోజు హఠాత్తుగా విరగొచ్చు. తుప్పు నుంచి కాపాడి, స్ప్రింగ్‌నే పోగొట్టుకున్నట్టు. అందుకే దానికి ఇసుకతో శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పూత, పైన పెయింట్ మేలు. కంట్రోల్ ఆర్మ్‌కి పౌడర్ కోటింగ్ రాళ్ల దెబ్బలకు బాగానే ఆగుతుంది. కానీ ఒకచోట పెచ్చు లేస్తే నీళ్లు కిందనుంచి పాకుతాయి, పైకి కనపడదు. కింద జింక్ ప్రైమర్ ఉంటే కొంత ధైర్యం. బుష్ రంధ్రాలకు, బోల్టు బిగించే ముఖాలకు టేపు వేయకపోతే ఆ మందపాటి పొర నలిగి బోల్టు వదులవుతుంది.

ఏ పూత గొప్పది అని అడిగేముందు, ఈ భాగం చేసే పనేంటి, పూత వల్ల ఆ పని ఆగుతుందా అని అడగాలి. డేవీ అడగనిది ఆ రెండో ప్రశ్నే.

ఇప్పటి స్టీలు ఓడల అడుగున జింక్ లేదా అల్యూమినియం దిమ్మలు ఉంటాయి. నాచు సంగతి చూసుకోవడానికి వేరే పెయింట్ ఉంటుంది. డ్రై డాక్‌లోకి ఓడ వచ్చినప్పుడు దిమ్మలు సగం అరిగి కనిపిస్తే పనివాళ్లు కంగారుపడరు. అవి తమ పని చేశాయని కొత్తవి బిగిస్తారు.