భీమవరం నుంచి బోస్టన్‌కి: యల్లాప్రగడ సుబ్బారావు

సైట్‌లో ఏళ్ళ తరబడి ఒకే గ్రేడులో ఉన్నవాళ్ళని కదిపితే, పైవాళ్ళు ఎదగనివ్వట్లేదు అంటారు. కొంత నిజమే. కానీ వాళ్ళ వల్ల ఆగింది ఎంత, మనకి పని రాక ఆగింది ఎంత అని విడదీసి చూసుకునేవాళ్ళు తక్కువ. ఆ లెక్క చూసుకున్నట్టు బతికిన మనిషి సుబ్బారావు గారు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. అన్యాయమే.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో బోస్టన్ చేరారు. అక్కడ ఆ కాగితానికి డాక్టర్ పని దొరకలేదు. సర్టిఫికెట్ అటెస్టేషన్ దగ్గర ఆగిపోయిన మనవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఆయన నేను డాక్టర్నని భీష్మించుకుని కూర్చోలేదు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు, హార్వర్డులో మళ్ళీ విద్యార్థిగా చేరారు. ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా తర్వాత బయోకెమిస్ట్రీ పట్టారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో కండరాలకి శక్తినిచ్చే ఏటీపీని బయటపెట్టారు. 1930లో పీహెచ్‌డీ.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. నాకు ఇక్కడే ఆయన మీద గౌరవం ఎక్కువ. మొదట లోటు చదువులో ఉంది, కూర్చుని చదివారు. ఇప్పుడు లోటు తన పనిలో లేదు. అలాంటప్పుడు ఇంకో కోర్సు చేసి ఏం లాభం? 1940లో, 45 ఏళ్ళ వయసులో, లెడర్లె మందుల కంపెనీకి మారిపోయారు. కొద్ది కాలానికే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఫోలిక్ ఆమ్లం తయారీ, రక్త కాన్సర్‌కి వాడిన అమినోప్టెరిన్, బోదకాలుకి హెట్రజాన్ ఆయన బృందం చేసినవే. మట్టిలోని సూక్ష్మజీవులు తన సబ్జెక్టు కాదు. ఆ పని ఏడు పదులు దాటిన డగ్గర్‌ చూశారు. ఆరియోమైసిన్ అలా వచ్చింది, పేరు కూడా డగ్గర్‌దే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే పోయారు. వెళ్ళాక ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు, భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడలేదు. అది మాత్రం నాకు మింగుడుపడదు. మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి మింగించిన ఫైలేరియా మాత్ర, డీఈసీ, ఆ హెట్రజానే.