కొవ్వొత్తితో సైన్సు చెప్పిన ఫారడే

మైకేల్ ఫారడే అనగానే మనకు డైనమో గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఆయన ముందుగా పిల్లల మాస్టారు.

ఆయన 1791లో లండన్ చెంత ఒక పేద కమ్మరి ఇంట పుట్టారు. చదవడం, రాయడం, లెక్కలు మించి బడిచదువు లేదు. పద్నాలుగో ఏట బైండింగు షాపులో చేరి, అక్కడికొచ్చిన పుస్తకాలే చదువుకున్నారు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును స్వయంగా బైండు చేసి ఆయనకు పంపారు. మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది. 1831లో అయస్కాంతాన్ని కదిలించి విద్యుత్తు పుట్టించారు.

అంతటివారు 1827 మొదలు 1860 వరకు క్రిస్మస్ సెలవుల్లో 19 విడతలు పిల్లలకు పాఠాలు చెప్పారు. 1860-61లో చెప్పిన చివరి విడతలో ఆరు పాఠాలూ కొవ్వొత్తి మీదే. మంటకు కాస్త పైన ఐసు గిన్నె పట్టుకుంటే అడుగున నీటిబొట్లు చేరతాయి. అప్పుడే ఆర్పిన వత్తి పొగకు నిప్పు చూపిస్తే మంట మళ్లీ వత్తిని అందుకుంటుంది. కొవ్వొత్తి కాలినా, మనం ఊపిరి విడిచినా వచ్చేది బొగ్గుపులుసు వాయువేనని కూడా చూపారు. ముందు కంటికి చూపడం, ఆ తరువాతే పేరు చెప్పడం ఆయన పద్ధతి.

సర్ బిరుదు వద్దన్న ఫారడే మనలాగే పింఛనుదారు కూడా. 1835లో ఏటా 300 పౌన్లు మంజూరయ్యాయి. 1867లో కన్నుమూశారు.

మన మనవలు సైన్సును బట్టీ పడుతున్నారు. కొవ్వొత్తి అందరిళ్లలో ఉంది, తీరిక మనకుంది. ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూపిద్దాం.